విశాఖలో కారు ప్యాకేజీ వద్దు, 900కె బస్సు ఎక్కండి

విశాఖపట్నం వెళ్లేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటే. లాడ్జి కౌంటర్ దగ్గర మాట్లాడిపెట్టే సిటీ టూర్ కారు జోలికి పోకండి. ఊరు అందమైనది, మనుషులు మంచివాళ్లు, తిండికి లోటు లేదు. మా సరదానంతా ఒక్క పూటలో పాడుచేసింది ఆ కారే.

వరంగల్ నుంచి మేం నలుగురం వెళ్లాం. నేను, మా వారు, అత్తయ్య, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి. గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారుతుండగా దింపింది. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర గది రోజుకు 2,200 రూపాయలు. శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి.

స్నానాలు కాగానే కౌంటర్లో ఉన్న మనిషి ప్లాస్టిక్ తొడుగు వేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. సింహాచలం, కైలాసగిరి, తెన్నేటి పార్కు, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి, ఆర్కే బీచ్‌లో జలాంతర్గామి. అన్నీ కలిపి 3,800 రూపాయలు, ‘ఇంకేమీ ఇవ్వక్కర్లేదు’ అన్నాడు. అత్తయ్య మోకాళ్లను దృష్టిలో పెట్టుకుని సరే అన్నాం.

సింహాచలం కొండ ఎక్కేటప్పుడే ఘాట్ రోడ్డుకు 500 అదనం అన్నాడు డ్రైవరు. గుడి ముందు దింపుతూ ముప్పావు గంటలో రాకపోతే వెయిటింగ్ పడుతుందని హెచ్చరించాడు. వరుసలో ఉండగానే మూడుసార్లు ఫోను. వరాహ లక్ష్మీనరసింహస్వామి ఏడాది పొడవునా చందనం పూతలోనే ఉంటాడు, నిజరూపం చూడాలంటే అక్షయ తృతీయ నాడు రావాలి. అది కుదరకపోయినా కప్పస్తంభాన్ని కౌగిలించుకుని మొక్కు చెప్పుకోవాలని అత్తయ్య ఎన్నేళ్లుగానో అనుకుంటోంది. అక్కడ కూడా జనం ఉండటంతో, ఫోను మోగుతుండటంతో, ‘పోనీలే అమ్మా, వెళ్దాం పద’ అని ఆమే వెనక్కి తిరిగింది. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం చూసి నాకు కడుపు రగిలిపోయింది.

కైలాసగిరి బాగుంది. పైనుంచి చూస్తే తీరం వంపు తిరిగి రుషికొండ దాకా కనిపిస్తుంది. ఆ తరువాత ఎక్కడికి వెళ్తున్నామో చెప్పకుండా ఒక గవ్వలు, జీడిపప్పు అమ్మే దుకాణం ముందు ఆపాడు. అక్కడ మాత్రం తొందర లేదు. నలభై నిమిషాలు! జీడిపప్పు వరంగల్ బజారు ధర కంటే కిలోకు 200 ఎక్కువ. మేం ఏమీ కొనకుండా బయటికి వచ్చేసరికి డ్రైవరు మాట మారింది. తొట్లకొండ ఎందుకు పోనివ్వలేదంటే ‘అక్కడ ఇటుకలు తప్ప ఏమున్నాయి మేడం’ అన్నాడు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర కారు రోడ్డు మీదే ఆపి, దూరంగా కనిపిస్తున్న ఎర్రటి గట్టు వైపు వేలు చూపించాడు. భీమిలిలో పది నిమిషాలు. చివరికి ఆర్కే బీచ్ చేరితే జలాంతర్గామి గేటు మూసి ఉంది. ఆ రోజు సోమవారం. సోమవారం సెలవని ఊళ్లో ప్రతి డ్రైవరుకూ తెలుసు, ఆ కాగితం ఇచ్చిన మనిషికీ తెలుసు. అయినా జాబితాలో పెట్టి డబ్బు కట్టించుకోబోయారు.

బిల్లు 5,250. ఘాట్ రోడ్డు 500, పార్కింగు 150, వెయిటింగ్ 500, డ్రైవరు బత్తా 300. మా వారు సాధారణంగా గొడవలకు దూరం. ఆ రోజు కౌంటర్ ముందు నిలబడి, చూపించని రెండు చోట్లకు డబ్బు ఎలా అడుగుతారో చెప్పండని ఒకటే పట్టు పట్టారు. వెనక గదులు అడగడానికి వచ్చిన రెండు కుటుంబాలు వింటుండటం వల్లనేమో, గంట తరువాత 4,200కు దిగివచ్చారు. డబ్బు కొంత మిగిలింది గానీ ఆ రాత్రి ఆయన సరిగ్గా అన్నం తినలేదు. కారు మాట్లాడుకోక తప్పదనుకుంటే, ఎక్కడ ఎంతసేపు ఆపాలో, ఘాట్ రోడ్డు, పార్కింగు కలిసి ఎంతో కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోండి. దుకాణాల దగ్గర ఆపవద్దని కూడా రాయించండి.

మర్నాడు అమ్మాయి ఫోనులో వెతికి 900కె సిటీ బస్సు ఎక్కుదామంది. బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే బస్సు అది. ఆంధ్రప్రదేశ్ గుర్తింపు కార్డు ఉన్న మహిళలకు 2025 ఆగస్టు 15 నుంచి ఈ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మావి తెలంగాణ ఆధార్ కార్డులు కాబట్టి నలుగురికీ 140 రూపాయలు ఇచ్చాం. కుడివైపు కిటికీ సీట్లు పట్టుకోండి. దారి పొడవునా సముద్రం అటువైపే. అత్తయ్య రుషికొండ దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు, చూస్తూనే ఉంది.

తొట్లకొండ మలుపు దగ్గర దిగి ఆటో మాట్లాడుకున్నాం. కొండ ఎక్కించి, దింపి, దిబ్బల దగ్గర ఆగి, భీమిలిలో వదలడానికి 600. ఇటుకలు తప్ప ఏమీ లేవన్న చోటు ఇదీ: రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ ఆరామం. మహాస్తూపం పునాది, చైత్యగృహాలు, భిక్షువులు ఉన్న చిన్న చిన్న గదుల వరుసలు, అందరూ కలిసి భోజనం చేసిన శాల, వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు. 1976లో నౌకాదళం సర్వే చేస్తున్నప్పుడు ఈ శిథిలాలు బయటపడ్డాయి. తరువాతి తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ నాణేలూ దొరికాయి. గదుల గోడలు ఇప్పుడు మోకాలి ఎత్తు కూడా లేవు. ఒక గదిలో మా అమ్మాయి పడుకుని చూసింది, చాప పరిచేంత చోటే ఉంది. అక్కడ నిలబడి కిందికి చూస్తే ఆ నాణేలు ఓడల్లో వచ్చిన సముద్రం కనిపిస్తుంది. పైన నీడ తక్కువ, తాగునీళ్లు వెంట తీసుకెళ్లండి, పది గంటల లోపే ఎక్కండి. అత్తయ్య చెట్టు కింద కూర్చుని ‘ఇంత మంచి చోటు కట్టుకున్నారు, అదృష్టవంతులు’ అంది.

ఎర్రమట్టి దిబ్బలను రోడ్డు మీదనుంచి చూస్తే చూసినట్టే కాదు. లోపలికి నడవాలి. వాన కోసిన వాగుల్లో దిగితే రెండువైపులా ఎర్రటి గోడలు లేచి ఉంటాయి. గోడకు వేలు ఆనిస్తే చాలు, సన్నటి ఇసుక రాలిపోతుంది, గోరు సందుల్లో ఎరుపు సాయంత్రం దాకా పోదు. వేల ఏళ్లపాటు సముద్రం వెనక్కీ ముందుకూ జరిగినప్పుడు గాలి పోగుచేసిన ఇసుక ఇది, ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. భూవిజ్ఞాన వారసత్వ స్థలంగా గుర్తింపు కూడా ఉంది. అయినా గోడల నిండా పేర్లు, గుండె బొమ్మలు చెక్కి ఉన్నాయి. వేల ఏళ్లుగా నిలిచినదాన్ని తాళంచెవితో గీకే చేతులకు ఏం శిక్ష వేయాలో నాకు తెలియదు. మా ముందే ఒక కుర్రవాడు మొదలుపెడితే మా వారు వెళ్లి ఆపించారు. రాత్రి తినని మనిషి, అప్పటినుంచి మళ్లీ హుషారయ్యారు.

భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, దీపస్తంభం చూశాం. అంతకంటే ముందు చెప్పుకోవాల్సింది భోజనం. బీచ్‌కు దగ్గరలో, ఒక ఇంటి వరండాలో నాలుగు బల్లలు వేసి వడ్డిస్తున్నారు. అన్నం, పప్పు, రసం 100 రూపాయలు, వంజరం వేపుడు ముక్క 120. ముక్క నూనెలో తేలకుండా పెనం మీద కాల్చారు. పైన కారం కరకరలాడుతుంది, లోపల చేప తెల్లగా పొరలు పొరలుగా విడిపోతుంది. అత్తయ్యకు చేప పడదని చెబితే, వడ్డించే ఆవిడ ఆమెకు వేరే గిన్నెలో తన ఇంటి కోసం చేసుకున్న దొండకాయ వేపుడు తెచ్చి వేసింది, దానికి డబ్బు తీసుకోలేదు. మేం ముగ్గురం మూడు ముక్కలు తిన్నాం, మొత్తం 760. తిరుగు బస్సుకు 180. ముందు రోజు కారు ఖర్చులో సగం కూడా కాలేదు.

సింహాచలానికి అత్తయ్య, నేను మళ్లీ వెళ్లాం. సిటీ బస్సులో కొండ కిందికి, అక్కడినుంచి కొండ బస్సు. పొద్దున ఏడింటికే వెళ్తే వరుస చిన్నదే. కప్పస్తంభం దగ్గర ఆమె ఎంతసేపు నిలబడిందో నేను చూడలేదు, చూడదలచుకోలేదు.

ఆర్కే బీచ్‌లో ముంత మసాలా తినండి, 40 రూపాయలు. నీళ్లలోకి మాత్రం దిగకండి. అక్కడ లాగుడు ఎక్కువ, ప్రాణాలు పోతున్నా జనం వినరు. పిల్లలు తడవాలంటే రుషికొండలో, కాపలావాళ్లు ఉన్నంత మేరలోనే.

జలాంతర్గామిని చివరికి చూశాం. ఐఎన్‌ఎస్ కుర్సురా సోవియట్ యూనియన్‌లో తయారైంది, 1969లో మన నౌకాదళంలో చేరింది, 2001లో విరమించింది, మరుసటి ఏడాది నుంచి ఇసుక మీద ప్రదర్శనశాల. పొడవు 91 మీటర్లు. ఒక గది నుంచి మరో గదికి వెళ్లాలంటే గుండ్రటి కంతలోంచి ముందు ఒక కాలు పెట్టి, తల వంచి, తరువాత రెండో కాలు లాక్కోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బయటే ఉండటం మంచిది, అత్తయ్య బెంచీ మీద కూర్చుంది. లోపల వివరించేది నౌకాదళంలో పనిచేసి విరమించినవాళ్లు. మాకు చెప్పిన పెద్దాయన టార్పెడోల పక్కనే బిగించిన పడకను చూపించి, మంచినీళ్లు పొదుపు చేయడానికి వారాల తరబడి స్నానం లేకుండా ఎలా గడిపేవారో చెప్పారు. మా అమ్మాయి ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే వెనక వరుస గొణిగింది. ఆయన ‘అడగనివ్వండి’ అని వాళ్లను కాసేపు ఆపి, పీడనం చూపే మీటర్లు ఒక్కొక్కటీ చదివించారు. ఎదురుగానే నౌకాదళం ఒకప్పుడు నడిపిన టీయూ 142 విమానం ప్రదర్శనకు ఉంది, 2017 నుంచి. అదీ చూడదగ్గదే. కానీ ముందు కుర్సురాకే వెళ్లండి. పనిదినాల్లో మధ్యాహ్నమే తెరుస్తారు, ఆ వేళకే ఉంటే లోపల నిదానంగా నిలబడి వినవచ్చు. మేం బయటికి వచ్చే వేళకు వరుస బాగా పెరిగిపోయింది.