'సైన్యాన్ని పంపు' నొక్కా, మార్కులు పోయాయి: ఒక ఆన్‌లైన్ కోర్సు రివ్యూ

కరెంటు గ్రిడ్లు, పైప్‌లైన్లు, వాటర్ ప్లాంట్లు లాంటివాటిని కాపాడటంలో అమెరికా డిఫెన్స్ డిపార్ట్‌మెంట్ పాత్ర ఎంత అనే దాని మీద ఈ మధ్య ఒక కోర్సు చేశా. పేరు చెప్పను, కింద కొంచెం తిట్టేది ఉంది. 5కి 3.5 ఇస్తా.

డబ్బులు గిట్టింది మాత్రం సిమ్యులేషన్ దగ్గరే. మనం డ్యూటీ ఆఫీసరన్నమాట, పైప్‌లైన్ కంపెనీ మీద రాన్సమ్‌వేర్ (కంప్యూటర్లు లాక్ చేసి డబ్బులడిగే వైరస్) పడింది, స్క్రీన్ మీద నాలుగు బటన్లు. నేను వెనకాముందు చూడకుండా 'సైన్యాన్ని పంపు' నొక్కేశా, టక్కున ఎర్ర బాక్సొచ్చి 20 మార్కులు కోసేసింది. పోనీ అని 'సైబర్ కమాండ్' (మిలిటరీ సైబర్ విభాగం) నొక్కా, మళ్లీ కోతే. కరెక్ట్ ఆన్సర్ ఏంటయ్యా అంటే ఎఫ్‌బీఐకి, సైబర్ సెక్యూరిటీ చూసే సిసా అనే సివిలియన్ ఏజెన్సీకి ఫోన్ చేయడం! 1878 నాటి పాసీ కొమిటాటస్ చట్టం వల్ల దేశం లోపల పోలీసు పనికి ఆర్మీని దింపడం అంత ఈజీ కాదంట, 2010లో పెట్టిన సైబర్ కమాండ్ ముఖ్యంగా మిలిటరీ నెట్‌వర్కుల్ని, బయటి దేశాల నుంచి దాడిచేసేవాళ్లని చూసుకుంటుంది. మొత్తం 16 కీలక రంగాలైతే డిఫెన్స్ వాళ్లు లీడ్ చేసేది ఒక్కటే, రక్షణ పరికరాలు తయారుచేసే కంపెనీలది. పైప్‌లైన్ సెక్యూరిటీ రూల్స్ పెట్టేది ఎవరో తెలుసా, ఎయిర్‌పోర్టులో బెల్టు విప్పించే టీఎస్‌ఏ, నేనైతే నమ్మలేక రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నా.

2021 మేలో రాన్సమ్‌వేర్ దెబ్బకి అమెరికాలో కలోనియల్ అనే ఇంధన పైప్‌లైన్ ఆగిపోయిన కేసు బాగా చెప్పారు, ఎమ్‌ఎఫ్‌ఏ (పాస్‌వర్డ్‌తో పాటు అడిగే రెండో చెక్) లేని పాత వీపీఎన్ అకౌంట్ (బయటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్లే లాగిన్) ఒక్కటి హ్యాకర్లకి చాలింది, కంపెనీ 75 బిట్‌కాయిన్లు కట్టుకుంది, అందులో చాలావరకు ఎఫ్‌బీఐ వాళ్లు వెనక్కి లాగారు. 2015 డిసెంబర్‌లో ఉక్రెయిన్ కరెంటు గ్రిడ్‌లోకి హ్యాకర్లు దూరిన కేసు ఇంకా బాగుంది. కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ కళ్లముందే మౌస్ కర్సర్ దానంతటదే కదులుతూ బ్రేకర్లు ఒక్కోటీ తెరిచేసి కరెంటు తీసేస్తుంటే చేతులు కట్టుకుని చూడాల్సొచ్చింది, చివరికి మనుషులు సబ్‌స్టేషన్లకి వెళ్లి చేత్తో ఆన్ చేస్తే గానీ కరెంటు రాలేదు.

ఇక తిట్లు. ఆడియో ఘోరం, సార్ మైక్ మింగేసినట్టు మాట్లాడతాడు. అసలు కోపం అది కూడా కాదు, మిలిటరీ బేసులు చాలావరకు నడిచేది బయటి సివిలియన్ గ్రిడ్ మీదే కదా, గ్రిడ్ పోతే కాపాడాల్సినవాళ్లే డీజిల్ జనరేటర్ల మీద పడతారు. మొత్తం సబ్జెక్టుకి ఇదే ప్రాణం, దానికి రెండే నిమిషాలు! 2023లో బయటపడ్డ వోల్ట్ టైఫూన్ అనే హ్యాకర్ల గుంపు సంగతి, అదే అమెరికా మిలిటరీ బేసులున్న పసిఫిక్ దీవి గ్వామ్‌లో టెలికాం లాంటివాటిల్లోకి చైనా హ్యాకర్లు దూరారన్నది, అస్సలు ఎత్తనేలేదు, సపోర్ట్‌కి మెయిల్ పెడితే ఆటోమేటిక్ రిప్లై ఒకటి పడేసి ఊరుకున్నారు.

సిమ్యులేషన్ ఫ్రీ ప్రివ్యూలో ఉంది, ముందు అది ఆడండి, ఆ తర్వాతే కార్డు తీయండి.