28 అరల మందుల డబ్బా: కొనేముందు, నింపేముందు

బీపీ, షుగరు, థైరాయిడ్, గుండె, మోకాళ్లు అన్నీ ఒకే మనిషికి ఉన్నప్పుడు రోజుకు ఎనిమిది పది బిళ్లలు మామూలే. అలాంటి ఇంటికోసం చేసిందే ఈ ప్లాస్టిక్ డబ్బా. రోజుకొకటి చొప్పున ఏడు చిన్న పెట్టెలు, ఒక్కోదానిలో నాలుగు అరలు. ధర సుమారు 150 నుంచి 500 రూపాయలు. అర ఖాళీ అయితే వేసుకున్నట్టు, లేకపోతే మరిచినట్టు. ఈ ఒక్క పనికే కొనొచ్చు. బీపీ మాత్ర ఒక పూట తప్పడం కన్నా, గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్ర వేసుకున్న సంగతి మరిచి మళ్లీ వేసుకోవడం చాలా ప్రమాదం.

కొనేటప్పుడు ముందు చూడాల్సింది అర సైజు. మరీ ఇరుకైతే కత్తిరించిన స్ట్రిప్ ముక్క పట్టదు. తర్వాత మూత. నాలుగైదు బిళ్లలు వేసి తలకిందులు చేసి ఊపండి. తెరుచుకుంటే ప్రయాణానికి పనికిరాదు. మరీ గట్టిగా ఉంటే కీళ్లవాతంతో వేళ్లు బిగిసినవాళ్లు తెరవలేరు, అలాంటివారికి నొక్కితే తెరుచుకునే మూత మేలు. డబ్బా మీద వారాల పేర్లు ఇంగ్లీషులో ఒక్కో అక్షరమే ఉంటే మంగళ, గురువారాలకు ఒకటే అక్షరం. మార్కర్‌తో తెలుగులో రాసి, పైన పారదర్శకమైన టేపు అతికించాలి. టేపు లేకపోతే చేతి తడికి రాత చెరిగిపోతుంది.

అసలు లోపం మూతలో లేదు, ఆ నాలుగు అరల లెక్కలోనే ఉంది. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని పంచారు గానీ మన చీటీలో ఉదయమే మూడు వేళలుంటాయి. థైరాయిడ్ మాత్ర పరగడుపున, టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు. గ్లిమెపిరైడ్ టిఫిన్‌కు కాస్త ముందు. మెట్‌ఫార్మిన్ తింటూనో తిన్నాకో. మూడూ ఒకే అరలో పడితే మూడూ ఒకేసారి నోట్లో పడతాయి. థైరాయిడ్ సీసాను డబ్బా బయట మంచం పక్కనే ఉంచడం సులువైన దారి. కాల్షియం, ఐరన్ బిళ్లలకు దానితో నాలుగు గంటల ఎడం ఉండాలి కాబట్టి వాటిని మధ్యాహ్నం అరకు మార్చవచ్చేమో డాక్టరును అడగండి.

ఇక స్ట్రిప్‌లోంచి బిళ్లలన్నీ ఒలిచి పోసేయడం. చాలామంది చేసేది ఇదే. బీపీకి మన దగ్గర విరివిగా రాసే టెల్మిసార్టన్ తేమ పీల్చుకుంటుంది, వేసుకునే దాకా స్ట్రిప్‌లోనే ఉండాలి. మూర్ఛకిచ్చే సోడియం వాల్‌ప్రోయేట్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే డాబిగాట్రాన్ కూడా అంతే. విశాఖ, కాకినాడ వైపు ఉక్కలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. వీటిని కత్తెరతో ఒక్కో బిళ్లగా కత్తిరించి స్ట్రిప్ ముక్కతోనే అరలో పెట్టండి. బిళ్ల ఒలవకుండా ఆ ముక్కనే మింగేసి గొంతు లోపల గాయపడిన సంఘటనలు వైద్యులకు కొత్త కాదు. చూపు మందగించినవాళ్లకైతే వేసుకునే వేళకు ఇంకొకరు ఒలిచివ్వాలి. కత్తిరించేటప్పుడు గడువు తేదీ ఉన్న కొసను చివరిదాకా వదలకండి.

డబ్బాలోకి అసలు రాకూడనివి: నాలుక కింద పెట్టుకునే గుండె మాత్ర (అది ఎప్పుడూ చేతికందేచోట ఉండాలి), కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసే మెథోట్రెక్సేట్. ఇది పొరపాటున రోజూ పడితే ప్రాణం మీదికి వస్తుంది. దాని వారం పేరు ఎర్ర సిరాతో క్యాలెండర్‌లో ఉండాలి. వారానికొకటి వేసే 60,000 యూనిట్ల విటమిన్ డి కూడా క్యాలెండర్ లెక్కలోదే.

నింపే పద్ధతి చెప్తాను. చీటీ ముందు పెట్టుకుని ఒక్క మందు తీసుకోండి, ఏడు రోజుల అరల్లోనూ వేయండి, ఆ స్ట్రిప్ పక్కన పెట్టి రెండోది తీయండి. రోజువారీగా నింపితే మధ్యలో ఫోన్ మోగిందంటే లెక్క తప్పుతుంది. చివర ఒక్కో అరలో ఎన్ని ఉండాలో లెక్క సరిచూడాలి, వీలైతే ఇంకో మనిషి. వారానికి మించి నింపొద్దు. డాక్టరు మధ్యలో డోసు మార్చితే పైపైన సర్దకుండా మొత్తం తీసి మళ్లీ నింపాలి.

నింపేటప్పుడే బయటపడే గొడవ ఇంకొకటుంది. గుండె డాక్టరు ఒక బ్రాండు, షుగరు డాక్టరు మరో బ్రాండు రాస్తారు, రెండింటి వెనుకా ఒకటే మందు. స్ట్రిప్ మీద బ్రాండు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేర్లు చదవండి. టెల్మిసార్టన్, ఆమ్లోడిపిన్ కలిసిన మాత్ర ఉండగానే విడిగా ఆమ్లోడిపిన్ మరొకటి ఉండటం, గ్యాస్‌కు పాంటొప్రజోల్ రెండు పేర్లతో ఉండటం తరచూ కనిపిస్తాయి. అన్నిటికన్నా చెడ్డది మోకాళ్లకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫినాక్. టెల్మిసార్టన్‌తోపాటు నీరు పోయే బిళ్ల కూడా వాడేవారికి ఇది కలిస్తే కిడ్నీలు దెబ్బతినొచ్చు. డబ్బా ఈ మూడింటినీ ఒకే అరలో నిశ్శబ్దంగా పట్టుకుంటుంది, అభ్యంతరం చెప్పదు. అనుమానం వస్తే మీరే ఆపేయకుండా స్ట్రిప్‌లన్నీ ఒక సంచిలో వేసుకుని ఒకే డాక్టరు ముందు పెట్టండి.

ఏకాదశి, శనివారం ఉపవాసం, రంజాన్ రోజా ఉన్న రోజున కూడా అరలో గ్లిమెపిరైడ్ ఉంటుంది. తినకుండా అది వేసుకుంటే షుగరు పడిపోతుంది. ఉపవాసాల తేదీలు డాక్టరుకు ముందే చెప్పి ఆ రోజుల సంగతి తేల్చుకోవాలి.

మతిమరుపు జబ్బు మొదలైనవారికి ఏడు పెట్టెలూ అప్పగించకూడదు, ఆ రోజు పెట్టె ఒక్కటే చేతికివ్వాలి. ఈ మోడల్‌లో పెట్టెలు విడిగా ఊడిరావడం అందుకు బాగా పనికొస్తుంది. మూతలు పిల్లలు తీయలేనంత గట్టివి కావు. ఒక్క షుగరు బిళ్ల కూడా చిన్న పిల్లకు ప్రమాదమే, కాబట్టి పై అలమరలో పెట్టండి. పొయ్యి పక్కన, దేవుడి దీపం దగ్గర, ఫ్రిజ్ మీద వద్దు.

రెండు మూడు బిళ్లలే వాడేవారికి ఇది దండగ. మెడికల్ షాపు కాగితం కవర్ల మీద సూర్యుడు, చంద్రుడు గీస్తే చాలు. ఐదు దాటితే కొనండి. ఒలిచిన బిళ్ల చూసి అది ఏమిటో అత్యవసర విభాగంలో ఎవరూ చెప్పలేరు కనుక, ఖాళీ స్ట్రిప్‌లను ఆ వారం పూర్తయ్యేదాకా పారేయకండి.