ఉక్కు యోక్‌లు అతికించిన కార్బన్ ప్రొపెల్లర్ షాఫ్ట్: విశాఖ బండ్లకు పనికొస్తుందా?

ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటే గేర్‌బాక్స్ వైపు నుంచి ఇరుసుకు తిరుగుడు బలాన్ని మోసే గొట్టం. యోక్ అంటే దాని చివర కీలు బిగించే లోహపు ముక్క. ఇక్కడ గొట్టం కార్బన్ ఫైబర్‌ది, దానికి ఉక్కు యోక్‌లను జిగురుతో అతికిస్తారు. ముందే చెప్పేస్తాం: థార్, జిమ్నీ లాంటి పొట్టి బండ్లకు ఇది వద్దు. హైలక్స్, వి-క్రాస్ లాంటి పొడవాటి పికప్‌లకైతే, ఆ జిగురు అతుకు సరిగ్గా ఉంటేనే ఆలోచించండి.

పొడవాటి ఉక్కు షాఫ్ట్ వేగం పెరిగేకొద్దీ నడుమ ఊగుతుంది. అందుకే దాన్ని రెండు ముక్కలు చేసి మధ్యలో సెంటర్ బేరింగ్ పెడతారు. కార్బన్ గొట్టం తేలిక, బిగువు కాబట్టి ఒకే ముక్కతో సరిపోతుంది, బేరింగ్ గోల ఉండదు. మూడు తలుపుల థార్ వీల్‌బేసే (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2450 మి.మీ. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక ఇరుసులకు శక్తి పంచే పెట్టె) పోగా మిగిలే షాఫ్ట్ చాలా చిన్నది, దానికి ఊగే సమస్యే లేదు. ఆదా అయ్యేది కొద్ది కిలోల బరువు, అంతే.

అసలు పరీక్ష గొట్టానికి కాదు, జిగురు అతుకుకి. లెక్క చూడండి. ఇంజిన్ టార్క్ (తిరుగుడు బలం) 300 న్యూటన్ మీటర్లు, మొదటి గేరు నాలుగు రెట్లు, లో రేంజ్ (కష్టమైన దారిలో వాడే నెమ్మది గేరు) రెండున్నర రెట్లు అనుకుంటే షాఫ్ట్ మీద 3000 న్యూటన్ మీటర్లు పడుతుంది. రాళ్ల మధ్య చక్రం ఇరుక్కున్నప్పుడు క్లచ్ ఒక్కసారిగా వదిలితే ఇంకా ఎక్కువే. 80 మి.మీ. వ్యాసం, 60 మి.మీ. పొడవున్న అతుకు, 20 మెగాపాస్కల్స్ కోత బలమున్న ఎపాక్సీ జిగురుతో కాగితం మీద 12,000 న్యూటన్ మీటర్ల దాకా తట్టుకుంటుంది. కానీ ఒత్తిడంతా అతుకు రెండు అంచుల దగ్గరే పోగవుతుంది, నడిమి భాగం పెద్దగా మోయదు. వేడి, తేమ, పదేపదే పడే కుదుపులు కలుపుకుంటే మూడో వంతుకు మించి నమ్మకూడదు. అంటే నమ్మగలిగేది 4000, పడేది 3000 పైనే; మిగిలే వెసులుబాటు చాలా తక్కువ. అతుకు పొడవు పెంచితే లాభం కొంతే. వ్యాసం 100 మి.మీ. చేస్తే మాత్రం బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది, కానీ బండి కింద అంత ఖాళీ ఉండాలి.

ఇక విశాఖ ఉప్పుగాలి. కార్బన్ కరెంటును పారనిస్తుంది. ఉప్పు తేమ చేరితే కార్బన్‌కు తగిలే ఉక్కు బ్యాటరీలో ప్లేటులా కరిగి తుప్పవుతుంది. ఆ తుప్పు జిగురును లోపలి నుంచే లేపేస్తుంది, పైకి ఏమీ కనబడదు. అల్యూమినియం యోక్ అయితే ఇంకా త్వరగా పోతుంది. అందుకే మధ్యలో గ్లాస్ ఫైబర్ పొర ఉండి తీరాలి, అతుకు అంచు సీలెంట్‌తో మూసి ఉండాలి. కొనేముందు షాఫ్ట్‌ను చెక్క బల్ల మీద పెట్టి, రెండు యోక్‌ల మధ్య మల్టీమీటరుతో రెసిస్టెన్స్ చూడండి. ఓపెన్ (కరెంటు పారడం లేదని) రావాలి. కొద్ది ఓమ్‌లు చూపిస్తే రెండు చివర్లా లోహం కార్బన్‌కు తగిలినట్టే, వెనక్కి ఇచ్చేయండి. ఒక చివరే తగిలితే ఈ పరీక్షకు దొరకదు, కాబట్టి పొర ఉందని తయారీదారుతో రాయించుకోండి.

ఉక్కును ఎలా సిద్ధం చేశారో కూడా అడగండి. గ్రిట్ బ్లాస్టింగ్ (గరుకు రేణువులను గాలితో కొట్టడం) చేసి, అసిటోన్‌తో తుడిచి, వెంటనే అతికించాలి. మన తేమలో శుభ్రమైన ఉక్కు ఒక్క పూటలోనే తుప్పు పట్టడం మొదలుపెడుతుంది. జిగురు మందం 0.1 నుంచి 0.25 మి.మీ. మధ్య, చుట్టూ సమానంగా ఉండాలి. గది వేడిలో ఆరబెట్టినది కాకుండా ఓవెన్ వేడిలో గట్టిపరిచినదే తీసుకోండి. షాఫ్ట్ పక్కనుంచే సైలెన్సర్ గొట్టం పోతుంది, మామూలు ఎపాక్సీ అక్కడ మెత్తబడుతుంది. అదనపు బలానికని అతుకులోంచి పిన్నులు దిగ్గొట్టినవి మాకు నచ్చవు. ఆ రంధ్రాలు నారలను తెంపుతాయి, నీటికి దారిస్తాయి.

అరకు, అనంతగిరి వైపు వాగు రాళ్లు తగిలితే ఉక్కు సొట్టపడుతుంది, అయినా ఇల్లు చేరుస్తుంది. కార్బన్ లోపల పొరలు విడిపోతాయి, పైన గీత కూడా ఉండకపోవచ్చు. ప్రతి ట్రిప్ తర్వాత నాణెంతో గొట్టం పొడవునా తట్టండి. ఖణేల్‌మనే చోట మొద్దు శబ్దం వస్తే ఆ షాఫ్ట్ పని అయిపోయింది. అతుకు మీదుగా, యోక్ నుంచి గొట్టం దాకా తెల్ల పెయింటుతో ఒక గీత గీసి ఉంచండి. గీత జరిగిందంటే జిగురు వదిలినట్టే, బండి కదపొద్దు.

ఒక మంచి గుణం ఒప్పుకోవాలి: విరిగినా ఇది చీపురులా చీలిపోతుంది తప్ప, ఉక్కు గొట్టంలా నేలకు గుచ్చుకుని బండిని ఎత్తెయ్యదు.

ఆటోనగర్‌లో క్రాస్ (యోక్‌లో తిరిగే కీలు) మార్పించేటప్పుడు పక్కనే ఉండండి. బిగుసుకున్న క్రాస్ బేరింగ్ కప్పును గ్యాస్ మంటతో కాల్చడం, సమ్మెటతో కొట్టడం ఇక్కడ మామూలే. ఈ షాఫ్ట్‌కు రెండూ కూడదు, ప్రెస్ మీదే తీయించాలి. బ్యాలెన్సింగ్ బరువును యోక్ మీద వెల్డ్ చేయనివ్వకండి.