క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో: ఆరేళ్లు వాడాక నా మాట

హార్డ్‌డిస్కు ఆరోగ్యం ఎలా ఉందో చూపించే చిన్న ప్రోగ్రామ్ క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో. అది నా దగ్గరికి ఎలా వచ్చిందో ముందు చెబుతాను. తెనాలిలో మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు, పెద్దకర్మ కార్డులు చేస్తుంటాం. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఫోటోషాప్ నడిస్తే షాపు నడిచినట్టే. 2019 మాఘమాసంలో, ముహూర్తాలు మీద పడుతున్న రోజుల్లో, మా సిస్టమ్ మొరాయించడం మొదలుపెట్టింది.

మౌస్ బాణం కదులుతుంది కానీ ఏది నొక్కినా పలకదు. క్యాబినెట్ మీద చిన్న ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. ఒకటి రెండు నిమిషాలకు తనంతట తానే తేరుకుంటుంది, లేదంటే నీలం తెర వస్తుంది. ఆ నీలం తెర మీద ఒక్కోసారి ఒక్కో పేరు. ఎక్కువసార్లు కనిపించింది మాత్రం 'కెర్నల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్'. అప్పట్లో నాకు దాని అర్థం తెలియదు, తెలిసుంటే సగం డబ్బులు మిగిలేవి. విండోస్ తనకు కావాల్సిన ముక్కను డిస్కు నుంచి మెమరీలోకి తెచ్చుకోలేకపోయిందని దాని భావం. తప్పు డిస్కుది కావచ్చు, కేబుల్‌ది కావచ్చు, ర్యామ్‌ది కూడా కావచ్చు, కానీ ముందు చూడాల్సింది డిస్కునే.

సర్వీసు కుర్రాడు వచ్చాడు. "అన్నా, విండోస్ కరప్ట్ అయింది, ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాడు. కొట్టాడు. నాలుగు రోజులు బాగానే నడిచి మళ్లీ మొదలు. రెండోసారి ర్యామ్ ఊడదీసి, దాని బంగారు రంగు పళ్లను మా పాప రబ్బరుతో రుద్ది పెట్టాడు. మూడోసారి లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ వీకైందని కొత్తది వేసి పన్నెండు వందలు తీసుకున్నాడు. హార్డ్‌డిస్కు ఏమైనా పోతోందా అని నేనే అడిగాను. "అది బానే ఉందన్నా, బయాస్‌లో ఓకే చూపిస్తోంది" అన్నాడు. అబద్ధం చెప్పలేదు పాపం, బయాస్‌లో, అంటే సిస్టమ్ ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు లేచే ప్రోగ్రామ్‌లో, నిజంగానే ఓకే అని ఉంది.

హైదరాబాద్‌లో ఉండే మా మేనల్లుడికి ఫోన్ చేశాను. "మామయ్యా, హ్యాంగ్ అయినప్పుడు టాస్క్ మేనేజర్‌లో డిస్క్ దగ్గర చూడు" అన్నాడు. ముందే తెరిచి పెట్టుకుని కూర్చున్నా. హ్యాంగ్ అయ్యింది. డిస్క్ 100 శాతం పనిలో ఉన్నట్టు చూపిస్తోంది, చదివే వేగం మాత్రం సున్నా. కూలీ ఒళ్లంతా చెమటలు కక్కుతున్నాడు, బస్తా మాత్రం జరగడం లేదు అన్నట్టు ఉంది. "డిస్కే మామయ్యా" అని, ఈ క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో దించుకోమన్నాడు.

జపాన్ డెవలపర్ ఒకాయన ఉచితంగా ఇస్తున్న ప్రోగ్రామ్ ఇది, సోర్సు కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంచారు. కార్టూన్ అమ్మాయి బొమ్మ ఉన్న ఎడిషన్లు కూడా ఉంటాయి, మా పాప మొదట అదే పెట్టించింది. నాకు మామూలుది చాలు. ఇన్‌స్టాల్ అక్కర్లేని జిప్ ఫైలు కూడా ఉంది, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. తెరవగానే పెద్ద డబ్బాలో డిస్కు ఆరోగ్యం కనిపిస్తుంది. నీలం అయితే బాగుందని, పసుపు అయితే జాగ్రత్త అని, ఎరుపు అయితే పోయిందని. మాది పసుపు.

బయాస్ ఓకే అన్నదాన్ని ఇది పసుపు అని ఎలా చెప్పింది? నన్ను అడిగితే దీని విలువంతా ఇక్కడే ఉంది. ప్రతి హార్డ్‌డిస్కూ తన తప్పులను తానే లెక్క రాసుకుంటుంది, ఆ ఖాతా పేరు స్మార్ట్. ఒక్కో పద్దుకు డిస్కు తయారీదారు ఒక మార్కు, ఒక హద్దు పెడతారు. మార్కు హద్దు కిందికి దిగితేనే బయాస్ అరుస్తుంది. మా డిస్కులో సీ5 అనే వరుసకు మార్కు ఇంకా వందే ఉంది. కానీ చివరి గడిలో అసలు లెక్క వేరే ఉంది, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పట్టించుకునేది దాన్ని. సీ5 అంటే చదవడానికి మొరాయించి, తీర్పు కోసం ఎదురుచూస్తున్న సెక్టార్లు, అంటే డిస్కులో డేటా దాచే చిన్న చిన్న ముక్కలు. డిస్కు వాటిని మళ్లీ మళ్లీ చదవబోయినప్పుడే మాకు ఆ రెండు నిమిషాల హ్యాంగ్. విండోస్‌కు కావాల్సిన ముక్క సరిగ్గా అక్కడే ఉంటే నీలం తెర.

ఇక్కడే నేను బోల్తా పడ్డాను. ఆ గడిలో బోలెడన్ని సున్నాల తర్వాత 18 అని ఉంది. పద్దెనిమిదే కదా అనుకున్నా. కాదు, ఈ ప్రోగ్రామ్ అసలు లెక్కలను హెక్సాలో, అంటే పదహారు అంకెల పద్ధతిలో చూపిస్తుంది, అక్కడి 18 అంటే మన లెక్కలో 24. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్ కింద రా వాల్యూస్‌ను, అంటే ఆ అసలు లెక్కలను, మనం వాడే పది అంకెల పద్ధతికి మార్చుకోవాలి. మామూలు మనిషి వాడే ప్రోగ్రామ్‌లో ఇది మొదటి నుంచే ఎందుకు పెట్టలేదో ఆరేళ్లయినా నాకు అర్థం కాలేదు.

నేను చూసేది ఎక్కువగా మూడు వరుసలే. 05 అంటే పాడైపోయి, డిస్కు దాచుకున్న అదనపు చోటుకు మార్చేసిన సెక్టార్లు. సీ5 చెప్పాను. సీ6 అంటే ఇక చదవలేనని డిస్కు చేతులెత్తేసినవి. 01 వరుసలో కొన్ని కంపెనీల డిస్కులకు కోట్లలో అంకె కనిపిస్తుంది, దాన్ని చూసి టెన్షన్ పడొద్దు, వాళ్ల లెక్క రాసే పద్ధతే అంత. సీ7 పెరుగుతుంటే మాత్రం డిస్కును అనుమానించే ముందు దాన్ని మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చండి. 2022లో మా పక్క స్టూడియో వాళ్లది ఇలాగే ఆగిపోతుంటే చూశాను. సీ7 తప్ప మిగతావన్నీ సున్నాలు. కేబుల్ మార్చాం, ఆ డిస్కు ఇవాళ్టికీ నడుస్తోంది. పాత అంకె మాత్రం తగ్గదు, అక్కడితో ఆగిందా లేదా అన్నదే చూసుకోవాలి.

మళ్లీ నా కథకు వస్తాను, ఎందుకంటే పసుపు చూశాక కూడా తప్పు చేశాను. వీడియోల్లో చెప్పినట్టు, డిస్కు తప్పులు వెతికే విండోస్ కమాండ్ చెక్‌డిస్క్‌ను స్లాష్ ఆర్‌తో రాత్రంతా పెట్టి ఇంటికి వెళ్లాను. పొద్దున వచ్చేసరికి 11 శాతం దగ్గర నిలబడి ఉంది. డిస్కు లోపల టిక్కు టిక్కుమంటోంది. ఆపి చూస్తే సీ5 లెక్క 24 నుంచి 312కు పెరిగింది. చెక్‌డిస్క్ డిస్కు అంతా గాలించి చదువుతుంది, గుండెనొప్పి వచ్చినవాణ్ని పరుగెత్తించినట్టు. ముందు డేటా తీసేసుకోవాలి, మిగతావన్నీ తర్వాత. మేనల్లుడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఆ ఆదివారం వాడే వచ్చి, విండోస్ బదులు ఉబుంటు అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో సిస్టమ్ లేపి, డీడీరెస్క్యూ అనే దానితో కొత్త డిస్కుకు ఎక్కించాడు. అది సులువుగా వచ్చేది ముందు తీసుకుని, మొండికేసిన చోట్లను దాటేసి, చివర్లో వాటి పని పడుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక ఫైల్లో రాసుకుంటుంది, మధ్యలో కరెంటు పోయినా మొదటికి రాదు. రాత్రి తొమ్మిదికి చూస్తే అంతా వచ్చింది, రానిది 2 ఎంబీ లోపే. ఆ 2 ఎంబీలో ఏం పోయిందో తెలుసా? రెండు పేజ్‌మేకర్ ఫైళ్లు. అందులో ఒకటి మర్నాడు ప్రెస్సుకు వెళ్లాల్సిన పెళ్లి కార్డు. ప్రూఫు కాగితం దగ్గర పెట్టుకుని తెల్లవారుజాము దాకా మళ్లీ కొట్టాను. అమ్మాయి తరఫు వాళ్ల ఇంటిపేరులో వత్తు తప్పు పడితే ఎవరు ఊరుకుంటారు చెప్పండి.

నీలం కనిపించినంత మాత్రాన నిశ్చింత కాదని కూడా ఈ ఆరేళ్లలో తెలిసింది. మా బావమరిది ల్యాప్‌టాప్ ఆగిపోతుంటే ఇందులో అంతా నీలం. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిపితే ర్యామ్‌లో తప్పులు బయటపడ్డాయి. 2021లో ఇంకో డిస్కు, అదీ నీలంగా ఉన్నదే, ఒక పొద్దున అసలు లేవనే లేదు. ఆ దెబ్బతో దీని గురించి వెతికి చదివాను. గూగుల్ వాళ్లు తమ దగ్గరి లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. పాడైపోయిన డిస్కుల్లో సగానికి పైగా వాటికి, బాగా పనికొస్తాయనుకున్న నాలుగు స్మార్ట్ లెక్కల్లో ఏ ఒక్కటీ ముందుగా కదల్లేదట. కానీ డిస్కు ఉపరితలాన్ని గాలించినప్పుడు మొదటి తప్పు దొరికిన డిస్కు, దొరకని దానికంటే 60 రోజుల్లోపు చచ్చిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువట. కాబట్టి పసుపు వస్తే నమ్ముతాను, నీలాన్ని నమ్మి బ్యాకప్ మానను.

ఒక్క క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోతోనే తేల్చేయను కూడా. విండోస్ జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి, సోర్స్ దగ్గర డిస్క్ అని ఉన్నవి చూస్తాను. 7 నంబరు అంటే బ్యాడ్ బ్లాక్, 153 అంటే మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చిందని. హ్యాంగ్ అయిన టైము, ఆ ఎంట్రీ టైము కలిస్తే తప్పు డిస్కులోనో దాని కేబుల్‌లోనో ఉన్నట్టే. కెర్నల్ పవర్ 41 అనే ఎంట్రీ ఒక్కటే ఉంటే దాని వల్ల తెలిసేదేమీ లేదు, సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే. మా ఊళ్లో కరెంటు పోయినా అదే వస్తుంది.

కొన్ని పాత యూఎస్‌బీ డబ్బాల్లో పెట్టిన డిస్కు ఇందులో అసలు కనిపించదు, అప్పుడు విప్పి నేరుగా సాటాకు తగిలించాల్సిందే. ఎస్‌ఎస్‌డీకి, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో డేటా దాచే డిస్కుకు, శాతంలో చూపించే ఆరోగ్యం ఎంత రాసి అరగదీశామో చెప్పే లెక్క, ఎప్పుడు పోతుందో చెప్పేది కాదు.

ఇప్పుడు షాపులో కంప్యూటర్‌తో పాటే ఇది కూడా లేచేలా పెట్టుకున్నా, కింద మూలన ఉష్ణోగ్రత కనిపిస్తూ ఉంటుంది. ఇంట్లో సినిమాలు దాచుకునే పాత డిస్కు ఒకటి రెండేళ్లుగా పసుపులోనే ఉంది. 05 వరుసలో 8, సీ5లో సున్నా. అప్పటి నుంచి ఒక్క అంకె కదల్లేదు. పారేయమని మా ఆవిడ గొడవ. సినిమాలే కదా అని ఉంచాను, పాప పుట్టినరోజు ఫోటోలు మాత్రం అందులోంచి అదే రోజు తీసేశాను.