తలుపు చెక్క మీద పెన్సిల్ గీత: వైజాగ్ నుంచి యూనివర్సల్ స్టూడియోస్‌కి మా పద్దు

పిల్లల్ని సింగపూర్‌లోని సినిమాల ఆటల పార్కు యూనివర్సల్ స్టూడియోస్‌కి తీసుకెళ్దామని మాటొచ్చిన రోజు నేను ముందు చూసింది టికెట్ ధర. పెద్దలకి 80 డాలర్ల పైచిలుకు, పిల్లలకి 60 పైచిలుకు, అత్తయ్యకి వయసు రాయితీ. సింగపూర్ డాలర్ అప్పుడు 66 రూపాయల దరిదాపుల్లో ఉంది. మా ఐదుగురికీ కలిపి 22 వేలు. ‘ఓస్, ఇంతేనా’ అనుకున్నాం. వచ్చాక ఖర్చుల పుస్తకం కూడితే 3 లక్షల 5 వేలు తేలింది. అంటే పార్కు వాటా పద్నాలుగో వంతు. మిగతా పదమూడు వంతులూ ఎటు పోయాయో, వాటిలో ఏది సార్థకం, ఏది దండగ అన్నది వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

మేం వెళ్లింది 2025 మే మూడో వారంలో. మావారు, నేను, పదేళ్ల బాబు, ఆరేళ్ల పాప, 67 ఏళ్ల అత్తయ్య. సింగపూరే ఎందుకంటే అప్పుడు సీతమ్మధారలో ఆటో ఎక్కితే ఇరవై నిమిషాల్లో ఎయిర్‌పోర్టు, అక్కణ్ణుంచి స్కూట్ విమానం నేరుగా సింగపూర్. హాంకాంగ్ డిస్నీలాండ్ కూడా చూశాను. దానికి వీసా గొడవ తక్కువ, మనవాళ్లు ముందుగా ఆన్‌లైన్లో రిజిస్టర్ చేసుకుంటే చాలు, రుసుము లేదు. కానీ మన ఊరి నుంచి ఎక్కడో ఒకచోట దిగి మారాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషినీ, నిద్రమత్తు పిల్లనీ వెంటేసుకుని అర్ధరాత్రి విమానం మారడానికి నాకు ధైర్యం చాలలేదు. టోక్యో పేరు బాబు ఎత్తాడు. వినిపించుకోలేదు.

మా ఎదురు ఫ్లాట్ వాళ్లు అంతకు ముందు ఏడాది కౌలాలంపూర్ వెళ్లొచ్చారు. అప్పటికి మలేషియాకి మనకి వీసా అక్కర్లేదు, అక్కడి రింగిట్ ఇరవై రూపాయల లోపే ఉండేది. సన్‌వే లగూన్‌లో ఒక రోజు, జెంటింగ్ కొండ మీద పార్కులో ఒక రోజు గడిపి, నలుగురూ లక్షా ఎనభై వేలలో తిరిగొచ్చారు. పిల్లలకి నీళ్లాటలు ముఖ్యమైతే అదే మంచి బేరమని ఇప్పటికీ చెప్తాను. మా బాబుకి మాత్రం యూనివర్సల్‌లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్స్ రైడ్ కావాలి. వాడి పట్టు అది.

మొదట ఊళ్లోనే ఒక ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్లాం. కాఫీ ఇచ్చి మరీ 3 లక్షల 60 వేలకి ప్యాకేజీ చెప్పారు, ‘అన్నీ కలిపే మేడమ్’ అన్నారు. కాగితం ఇంటికి తెచ్చుకుని చదివితే కిందెక్కడో జీఎస్టీ 5 శాతం, ఆపైన టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను) అప్పటి లెక్కన 5 శాతం వేరే అని ఉంది. టీసీఎస్ ఖర్చు కాదు, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, నిజమే. కానీ అన్నాళ్లూ పద్దెనిమిది వేలు మన చేతిలో ఉండవుగా. నాకు అంతకన్నా గుచ్చుకుంది ఇంకొకటి. పార్కు రోజున ‘సీట్ ఇన్ కోచ్’ అని రాశారు. అంటే నాలుగైదు హోటళ్ల దగ్గర ఆగి జనాన్ని ఎక్కించుకునే బస్సు. దింపేది పదకొండింటికి, ఎక్కించుకునేది ఐదింటికి. పార్కు పదింటికి తెరుస్తారు. జనం తక్కువగా ఉండే మొదటి గంట మనం బస్సులో కూర్చుని ఉంటామన్నమాట! ఆ ఒక్క లైనుతో ప్యాకేజీ వద్దనుకుని అన్నీ విడివిడిగా చేసుకున్నాం. విమానం టికెట్లూ హోటలూ మనమే వేర్వేరుగా కొనుక్కుంటే ప్యాకేజీ మీద పడే ఆ టీసీఎస్ బెడద లేదు.

టికెట్లు ఐదుగురికీ రానూపోనూ లక్షా 8 వేలు. ఇందులో నా పొరపాటు ఒకటుంది. చవక టికెట్‌లో పది కిలోల చేతి సామానే ఉంటుంది. పెద్ద బ్యాగ్ తర్వాత కలుపుకుందాంలే అని వదిలేస్తే తర్వాత ఎక్కువైంది. టికెట్ కొనేటప్పుడే రెండు బ్యాగులు కలుపుకోండి. వీసా రుసుము 30 డాలర్లే అయినా ఏజెంటు ద్వారా పెట్టాం కాబట్టి వాళ్ల చార్జీ కలిసి మొత్తం 14 వేలయింది. అక్కడ దిగే ముందు మూడు రోజుల్లోపు నింపే అరైవల్ కార్డు మాత్రం పూర్తిగా ఉచితం. దానికీ తలకి మూడొందలు అడిగేవాళ్లున్నారు, ఇవ్వకండి.

డబ్బు మార్పిడి గురించి రెండు ముక్కలు. మామూలు క్రెడిట్ కార్డు అక్కడ గీస్తే చాలా బ్యాంకులు మూడున్నర శాతం అదనపు రుసుము (మార్కప్), దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తాయి. లక్ష ఖర్చు పెడితే నాలుగు వేల పైచిలుకు ఊరికే పోతుంది. ఇక్కడే ఫారెక్స్ కార్డులో డాలర్లు వేయించుకున్నాం. చేతి ఖర్చుకి మాత్రం సింగపూర్‌లో మనవాళ్ల పేట లిటిల్ ఇండియాలో రూపాయలిచ్చి మార్చుకున్నాం. అక్కడి పెద్ద దుకాణం ముస్తఫా దగ్గర కౌంటర్లలో మన నోట్లు తీసుకుంటారు, రేటూ ఫర్వాలేదు. మన రూపాయలు మనిషికి 25 వేలకి మించి దేశం దాటించకూడదని గుర్తుంచుకోండి.

ఇక ఈ ప్రయాణంలో నేను బాగా తిట్టుకున్న విషయం. వైజాగ్‌లో రాత్రి పదకొండు దాటాక బయల్దేరిన విమానం తెల్లారేసరికి అక్కడ దిగుతుంది. హోటల్లో గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి, కొన్నిచోట్ల మూడింటికి. మధ్యలో ఎనిమిది గంటలు! నా బుర్రలో ప్లాన్ ఉంది: ఎయిర్‌పోర్టు పక్కనే జ్యువెల్ అనే మాల్‌లో నలభై మీటర్ల జలపాతం చూపిస్తూ రెండు గంటలు గడిపేయొచ్చని. తీరా ఏడింటికి వెళ్తే జలపాతం కట్టేసి ఉంది. పైన పెద్ద గాజు గిన్నెలో రంధ్రం, కింద ఖాళీ గుంట. అది పది, పదకొండుకి గానీ వదలరు. పాప ఆ గుంట వంక చూసి, ‘ఇక్కడా నీళ్లు రోజు విడిచి రోజేనా?’ అంది. ఆ నవ్వుతోనే మెట్రో ఎక్కి హోటల్‌కి వెళ్లి, సామాను అక్కడ పడేసి, లాబీలోనే వంతులవారీగా కునుకు తీశాం. మీరు వెళ్తే జలపాతం తిరుగు ప్రయాణం రోజుకి పెట్టుకోండి. వెనక్కొచ్చే విమానం రాత్రిపూటే, అది బయల్దేరే టెర్మినల్ 1 జ్యువెల్‌ని ఆనుకునే ఉంటుంది. మేమూ ఆఖరికి అలాగే చూశాం.

హోటల్ లిటిల్ ఇండియాలో, ఫారర్ పార్క్ స్టేషన్ దగ్గర. ఐదుగురికి ఒక గది అనేది అక్కడ దొరకడం కష్టం. ఇద్దరు, మహా అయితే ముగ్గురు, అంతే. దొంగచాటుగా ఒకళ్లని ఎక్కువ పెట్టుకోవడం మన లాడ్జీల్లో చెల్లినట్టు అక్కడ చెల్లదు. రెండు గదులు, నాలుగు రాత్రులు, 58 వేలు. గది తలుపు తీయగానే అత్తయ్య తిన్నగా కిటికీ వైపు వెళ్లి తెర పక్కకి లాగింది. వెనకాల గోడ. తెల్ల సున్నం వేసిన గోడ.

“ఏటమ్మాయ్, గోడకి గుడ్డ కట్టి కిటికీ అన్నారేటి?”

నేను బుకింగ్ కాగితం మళ్లీ తీసి చూశాను. గది పేరు చివర చిన్న అక్షరాల్లో కిటికీ లేదనే ఉంది. చవక గదుల్లో అక్కడ ఇది మామూలేనట. శుభ్రంగానే ఉంది, ఏసీ బాగానే పనిచేసింది. కానీ పొద్దున ఎన్నింటికి లేచామో తెలిసేది కాదు. రాత్రికి పది, పదిహేను డాలర్లు ఎక్కువైనా కిటికీ ఉన్న గదే తీసుకోవాల్సింది. పేట మాత్రం మళ్లీ వెళ్లినా అదే. కింద వీధిలో ఇడ్లీ, దోశ, ఫిల్టర్ కాఫీ, టెక్కా సెంటర్లో కూరగాయల దగ్గర్నుంచి బిర్యానీ దాకా అన్నీ ఉన్నాయి. నడిచే దూరంలో శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉండటంతో అత్తయ్యకి పొద్దున్న కాలక్షేపం దొరికింది. అన్నిటికీ మించి ఊదారంగు మెట్రో లైన్. ఫారర్ పార్క్‌లో ఎక్కితే మారే పని లేకుండా ఆరో స్టేషన్ హార్బర్‌ఫ్రంట్, అదే యూనివర్సల్ స్టూడియోస్ ఉన్న సెంటోసా దీవికి గుమ్మం. సెంటోసాలోనే ఉండే రిసార్టులు చూశాను గానీ, అక్కడ ఒక రాత్రి డబ్బుతో ఇక్కడ రెండు మూడు రాత్రులు గడుస్తాయి.

హార్బర్‌ఫ్రంట్ నుంచి దీవికి వంతెన మీద నడిచి వెళ్లడం ఉచితం. మోనోరైలుకి తలకి నాలుగు డాలర్లు, దీవిలోపల తిరగడానికీ వెనక్కి రావడానికీ మళ్లీ అడగరు. అత్తయ్య మోకాళ్ల కోసం మోనోరైలే ఎక్కాం. కేబుల్ కార్ జోలికి పోలేదు. కైలాసగిరి రోప్‌వే చూసి పెరిగిన పిల్లలు కదా, వాళ్లూ అడగలేదు.

అసలు లెక్క ఇక్కడుంది. టికెట్ కొంటుంటే పక్కనే ఎక్స్‌ప్రెస్ పాస్ ఊరిస్తుంది. అదుంటే క్యూలు తప్పుతాయి. దాని ధర రోజును బట్టి మారుతుంది. మేం వెళ్లే రోజుకి ఇంచుమించు టికెట్ ధరంత చూపించింది. ఐదుగురికీ అంటే ఇంకో పాతిక వేలు. కొనేద్దామనే ఉన్నాం. అప్పుడు నాకు ఎత్తు పట్టిక కంటపడింది. మమ్మీ రైడ్‌కి 122 సెంటీమీటర్లు ఉండాలి. బ్యాటిల్‌స్టార్ గలాక్టికా రోలర్ కోస్టర్‌కి 125. జురాసిక్ పార్క్ నీళ్ల రైడ్‌కి 107, ట్రాన్స్‌ఫార్మర్స్‌కి 102. పాపని వంటింటి తలుపు చెక్కకి ఆనించి, తల మీద నోట్‌బుక్ పెట్టి పెన్సిల్‌తో గీత గీశాను. చెప్పుల్లేకుండా 114. బాబు 134, వాడికి అన్నీ చెల్లుతాయి. మావారికి జెయింట్ వీల్ అంటేనే కళ్లు తిరుగుతాయి. అత్తయ్య సంగతి సరేసరి. అంటే ఎక్స్‌ప్రెస్ పాస్‌తో పూర్తిగా లాభపడేది బాబూ నేనూ. ఆ ఇద్దరికీ ఇంకో దారి ఉంది: సింగిల్ రైడర్ లైను. విడివిడిగా కూర్చోడానికి ఒప్పుకుంటే ఖాళీ సీట్లలో సర్దేస్తారు. మమ్మీ, ట్రాన్స్‌ఫార్మర్స్ రెండూ అలా తొందరగా అయిపోయాయి. గంట క్యూని పదిహేను నిమిషాల్లో దాటాం. పెన్సిల్ గీత పాతిక వేలు మిగిల్చిందన్నమాట.

మంగళవారం వెళ్లాం. జూన్ నెలంతా దాదాపు సింగపూర్ బడులకి సెలవులు, ఆ నెలలో ఆ జనంలో ఇరుక్కోవద్దు. మన పిల్లలకి సెలవులు ఏప్రిల్ చివర్నుంచే ఉంటాయి కాబట్టి మే మనకి కలిసొచ్చే నెల. తొమ్మిదిన్నరకే గేటు దగ్గరున్నాం. తెరవగానే చాలామంది వెళ్లినట్టు మేమూ మినియన్ ల్యాండ్‌కి పరిగెత్తడం తప్పయింది. అది ఆ ఫిబ్రవరిలోనే కొత్తగా తెరిచారు, జనం మొత్తం అక్కడే. గంటన్నర నిలబడ్డాం. మొదట పార్కు వెనక వైపు రైడ్లు చూసుకుని సాయంత్రం ఇటు రావాల్సింది. నీళ్ల రైడ్లో నిలువునా తడిశాం. పూర్ణా మార్కెట్‌లో యాభై రూపాయలకి కొన్న పల్చటి రెయిన్‌కోట్లు నా బ్యాగులో భద్రంగా ఉన్నాయి, హోటల్ గదిలో.

తిండి గురించి. లోపల ఒక్కో భోజనం 15, 20 డాలర్లు, శాకాహారికి ఎంపిక తక్కువ. బయటి తిండి లోపలికి తేనివ్వరు. పొద్దున లిటిల్ ఇండియాలో కట్టించుకున్న పులిహోర పొట్లాలు గేటు బయట లాకర్లో పెట్టి, ఒంటిగంటకి చేతి మీద ముద్ర వేయించుకుని బయటికొచ్చి, చెట్టు కింద బెంచీ మీద తిని మళ్లీ లోపలికెళ్లాం. నీళ్ల సీసాలు కొనక్కర్లేదు, అక్కడ కుళాయి నీళ్లే తాగుతారు, నింపుకోవడమే. వీధి హోటళ్లలో రాసిన ధర కడితే చాలు గానీ, కాస్త పెద్ద హోటల్ మెనూలో ధర పక్కన రెండు కూడిక గుర్తులుంటే జాగ్రత్త: 10 శాతం సర్వీసు, ఆపైన 9 శాతం పన్ను.

అత్తయ్యకి టికెట్ దండగని నేను ముందే లోలోపల అనుకున్నాను, చెప్తే సిగ్గుగా ఉంది. సగం రోజు బెంచీ మీదే గడిపింది, నిజమే. కానీ వాటర్‌వరల్డ్ ప్రదర్శనకి తీసుకెళ్తే, పడవలు ఎగిరి, మంటలు లేచి, విమానం వచ్చి నీళ్లలో పడ్డప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని చూసింది. సాయంత్రం ఇంకోసారి వేస్తారా అని అడిగింది. చూపించాం కూడా.

మిగతా రెండు రోజుల్లో డబ్బు పెట్టి చూసినవి జూ, గార్డెన్స్ బై ది బే గాజు తోటలు. అన్నీ కలిపి 24 వేలు. జూ దూరం, మెట్రో దిగి మళ్లీ బస్సెక్కాలి. అయినా బోనుల్లేని ఆ ఏర్పాటు చూడాల్సిందే. గాజు తోటల్లో మబ్బులడవి (క్లౌడ్ ఫారెస్ట్) ఒక్కటి చాలు, రెండోది పూలు ఇష్టమైనవాళ్లకి. బయట ఆ ఎత్తైన ఇనప చెట్ల కింద రాత్రి పావు తక్కువ ఎనిమిదికి, అంటే ఏడూ నలభై ఐదుకి, పాటలతో దీపాల ఆట ఉచితం. గచ్చు మీద వెల్లకిలా పడుకుని చూశాం. పిల్లల్ని అడిగితే పార్కు తర్వాత అదే చెప్తారు. తిండీ మెట్రోలూ 45 వేలు, బీమా 4 వేలు, ముస్తఫాలో చాక్లెట్లూ సెంట్లూ బంధువుల లిస్టూ కలిపి 30 వేలు. ఈ చివరిదాన్ని సగానికి కోయొచ్చు. కోయలేకపోయాం.

పార్కు రోజున మమ్మీ రైడ్ గుమ్మం దగ్గర ఎత్తు కర్ర పక్కన పాప మునికాళ్ల మీద నిలబడింది. అక్కడి అమ్మాయి నవ్వుతూ తల అడ్డంగా ఊపింది. అంతే, పాప ఏడవలేదు గానీ తిరిగొచ్చినప్పట్నుంచి నెలకోసారి నన్ను వంటింటి తలుపు దగ్గరికి లాక్కెళ్తోంది. మొన్న గీసిన గీత 117.

“మమ్మీకి ఇంకెంత మమ్మీ?”

“ఐదు.”

ఈసారి రెయిన్‌కోట్లు తన బ్యాగులోనే పెట్టుకుంటానంది.