పాత సూపర్‌హీరో కామిక్స్ ఇప్పుడు చదవాలంటే దేంతో మొదలుపెట్టడం మేలు?

సినిమాలు చూసి చూసి, ఈ హీరోలు అసలు మొదట్లో ఎలా ఉండేవాళ్లో చదవాలనుకునేవాళ్లకి ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. 1938 నుంచి 1941 దాకా వచ్చిన ఆ అమెరికన్ పుస్తకాల్లో చాలావరకు ఒక్క హీరో పుస్తకాలు కావు. పది సెంట్లకి అరవై పైచిలుకు పేజీలు, అందులో అరడజనుకి పైగా కథలు, ఒక్కోదానికి ఒక్కో రచయిత, ఒక్కో చిత్రకారుడు. చందమామ చేతికి రాగానే కొందరు నేరుగా బేతాళ కథ పేజీకి వెళ్లిపోయినట్టు, ఇక్కడ కూడా ఏది ముందు చదవాలో, ఏది వదిలేయాలో తెలియకపోతే మొదటి సంచికలోనే విసుగొచ్చేస్తుంది.

అందరూ చెప్పేది యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక, జూన్ 1938. అందులో సూపర్‌మ్యాన్ కథ 13 పేజీలే, మిగతాదంతా జటారా అనే మాంత్రికుడు, ఒక కౌబాయ్, మార్కో పోలో ప్రయాణాలు, ఇలాంటివి. నిజం చెప్పాలంటే ఆ మిగతావాటిని ఇప్పుడు ఓపికగా చదవడం కష్టం. కానీ ఆ 13 పేజీలు మాత్రం ఇప్పటికీ పరుగులు పెట్టిస్తాయి. జెర్రీ సీగెల్ రాసి, జో షుస్టర్ గీసిన ఈ సూపర్‌మ్యాన్ ఇంకా ఎగరడు, దూకుతాడంతే. గ్రహాంతర విలన్లూ లేరు. చేయని హత్యకి మరణశిక్ష పడిన మనిషిని కాపాడటానికి అర్ధరాత్రి గవర్నర్ ఇంట్లోకి చొరబడి ఉక్కు తలుపు పీకేస్తాడు, పెళ్లాన్ని కొట్టేవాణ్ణి గోడకేసి విసిరికొడతాడు. చివర్లో వాషింగ్టన్‌లో ఒక లాబీయిస్టుని (చట్టసభ సభ్యుల్ని తనవైపు తిప్పుకునే దళారిని) చంకలో ఇరికించుకుని టెలిఫోన్ తీగల మీద పరుగెత్తుతూ, పిట్టలు తీగల మీద కూర్చుంటే షాక్ కొట్టదు, స్తంభాన్ని తాకితేనే ప్రమాదం అని తాపీగా వివరిస్తుంటే వాడికి పైప్రాణాలు పైనే పోతుంటాయి! రెండో సంచికలో ఆయుధాల వ్యాపారిని పట్టుకెళ్లి, వాడు అమ్మే సరుకు పేలే యుద్ధంలోనే సైనికుడిగా నిలబెడతాడు. ఇంత కోపం ఉన్న సూపర్‌మ్యాన్ తర్వాత మళ్లీ అంతగా కనిపించడు, నాకు అదే బాగా నచ్చుతుంది.

డిటెక్టివ్ కామిక్స్‌లో బ్యాట్‌మ్యాన్ మే 1939లో, 27వ సంచికలో వచ్చాడు. ఆరే పేజీలు. బ్రూస్ వేన్ అనే డబ్బున్న కుర్రాడే బ్యాట్‌మ్యాన్ అని చివరి బొమ్మలో తెలుస్తుంది, అది మనకి ముందే తెలుసు కాబట్టి ఆ మలుపు పని చేయదు, పోనీ కథ గట్టిదా అంటే మామూలు నేరకథే. యాసిడ్ తొట్టిలో పడి చచ్చిన విలన్‌ని చూసి తగిన శాస్తే జరిగిందనుకునే బ్యాట్‌మ్యాన్‌ని చూడటం వింతగా ఉంటుందనుకోండి. అతని తల్లిదండ్రుల హత్య కథ 33వ సంచికలో గానీ రాదు, అదీ రెండు పేజీల్లో. పైగా ఈ పత్రిక తొలి సంచికల్లో చైనా వాళ్లని చూపించిన తీరు చాలా ఏహ్యంగా ఉంటుంది, 1937 నాటి మొదటి అట్ట మీది మొహం చూస్తేనే తెలిసిపోతుంది. పిల్లలకి ఇచ్చేముందు మీరు చదవండి. బ్యాట్‌మ్యాన్ ఒక్కడే కావాలనుకుంటే అతని కథలు మాత్రమే కూర్చిన సంపుటాలు చాలు.

నన్నడిగితే, ఈ రకం పుస్తకం రుచి మొత్తంగా తెలియాలంటే మార్వెల్ మిస్టరీ కామిక్సే మేలు. 1939 అక్టోబర్‌లో మార్వెల్ కామిక్స్ పేరుతో మొదలై రెండో సంచికకే పేరు మార్చుకుంది. ఇందులో ఒకడు నిప్పు, ఒకడు నీళ్లు. కార్ల్ బర్గోస్ సృష్టించిన హ్యూమన్ టార్చ్ మనిషి కాదు, గాలి తగిలితే అంటుకునే కృత్రిమ మనిషి, వాణ్ణి చూసి జనం భయపడి కాంక్రీటులో పాతిపెట్టిస్తారు. బిల్ ఎవరెట్ సృష్టించిన, సముద్రం అడుగున ఉండే సబ్-మారినర్ అయితే భూమ్మీద మనుషులంటేనే మండిపడతాడు, మొదటి కథలోనే డైవర్లని చంపేస్తాడు. బర్గోస్ గీత మొరటుగా ఉంటుంది, ఎవరెట్ నీటి అడుగు దృశ్యాలు మాత్రం ఆగి చూడాల్సినవి. 1940లో, 8వ సంచికలో, ఈ ఇద్దరూ తలపడతారు, అదే గొడవని ఒక కథలో ఒకడి వైపు నుంచి, ఇంకో కథలో ఇంకొకడి వైపు నుంచి చూపిస్తారు. 9వ సంచికలో పెద్ద కొట్లాట, 10లో బెట్టీ డీన్ అనే పోలీసమ్మాయి మధ్యలో పడి ఒక్క పేజీలో రాజీ కుదురుస్తుంది (అంత బిల్డప్ ఇచ్చాక ఆ ఒక్క పేజీ నిరాశే). అయినా, వేరువేరుగా నడుస్తున్న రెండు కథలు ఒకదాన్నొకటి గుద్దుకోవడం ఒకే అట్ట కింద ఉంటే ఎంత బాగుంటుందో ఇక్కడ అర్థమవుతుంది. అందుకే దీన్ని హీరోల వారీగా విడగొట్టకుండా సంచికలుగానే చదవండి.

ఇక ఆల్ స్టార్ కామిక్స్ 3వ సంచిక, 1940–41 చలికాలం. ఫ్లాష్, గ్రీన్ లాంటర్న్, హాక్‌మ్యాన్ వగైరా ఎనిమిది మంది భోజనాల బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తారు, అదే జస్టిస్ సొసైటీ అనే హీరోల జట్టు. ఆలోచన గొప్పది, ఇప్పటి టీమ్ సినిమాలన్నిటికీ అదే మూలం అనొచ్చు. కానీ ఆ భోజనాల దృశ్యాలు తప్ప లోపలి కథల్లో ఎవరి గోల వారిదే, ఒకే ఊపులో చదివితే నాలుగో కథకే అన్నీ ఒకేలా అనిపిస్తాయి. రోజుకొకటి చొప్పున చదువుకోండి, అది కూడా మార్వెల్ మిస్టరీ 8 నుంచి 10 దాకా, యాక్షన్ మొదటి రెండు సూపర్‌మ్యాన్ కథలూ అయ్యాకే.