ఫారం పట్టుకుని పోవాలా, వాడలో మకాం పెట్టాలా? సంబంధాలను చదవడానికి ఏది మేలు?

ఎంఏ సోషియాలజీ చివరి సెమిస్టర్ రాగానే హనుమకొండ హాస్టల్ గదుల్లో మొదలయ్యే టెన్షన్ ఇదే. టాపిక్ అందరికీ దొరుకుతుంది, కులమో, పెళ్లో, గల్ఫ్ వలసో, బతుకమ్మో. దాన్ని చదివే పద్ధతి దగ్గరే బండి ఆగుతుంది. వంద మందికి ప్రశ్నావళి పంచి లెక్కలు తీయాలా, ఒక్క వాడలో రెండు నెలలు ఉండి చూడాలా, నలుగురు ముసలోళ్ల ముందు కూర్చుని వాళ్ల కథలు రికార్డు చేయాలా? నా ఓటు రెండోదానికే. అయితే ఈ మధ్య సర్వేను తక్కువ చేసి మాట్లాడటం ఒక ఫ్యాషన్ అయిపోయింది కాబట్టి ముందు దాని గొప్పతనం చెప్పి ముందుకు పోతా.

ఫ్రెంచి సోషియాలజిస్టు దుర్ఖైమ్ 1897లో ఆత్మహత్యల మీద పుస్తకం వేసినప్పుడు ఎవరి ఇంటికీ పోయి ఎవరి బాధా అడగలేదు. ప్రభుత్వ లెక్కలు ముందేసుకుని, మనుషుల మధ్య కట్టు వదులైన చోట చావులు పెరుగుతున్నాయని చూపించాడు. మన దగ్గరికి వస్తే ఢిల్లీలోని ఎన్‌సీఏఈఆర్ అనే పరిశోధన సంస్థ, అమెరికాలోని మేరీల్యాండ్ యూనివర్సిటీ కలిసి దేశమంతా చేసిన ఐహెచ్‌డీఎస్ (ఇండియా మానవాభివృద్ధి సర్వే) ఉంది. 2011-12 విడతలో 40 వేలకు పైగా ఇళ్లు తిరిగారు. కులాంతర పెళ్లిళ్లు సుమారు 5 శాతమేనని తేలింది దాంట్లోనే. ఒక్క ఊళ్లో ఏడాది కూర్చున్నా ఈ అంకె రాదు. ఊళ్లో ఒక జంట పారిపోయి పెళ్లి చేసుకుంటే ఆ ముచ్చట ఆరు నెలలు నడుస్తుంది, దాంతో అక్కడ కూర్చున్నవాళ్లకు కాలం మారిపోయిందనిపిస్తుంది.

అదే సర్వేలో ఇంకో తెలివైన పని చేశారు. మీ ఇంట్లో అంటరానితనం పాటిస్తారా అని ముందు అడిగారు. లేదన్నవాళ్లను వదిలేయకుండా, దళితులు మీ వంటింట్లోకి వచ్చినా మీ గిన్నెలు వాడినా ఇబ్బందేనా అని మళ్లీ అడిగారు. రెండూ కలిపితే దాదాపు 27 శాతం తేలారు. మొదటి ప్రశ్న దగ్గరే ఆపేసి ఉంటే అంకె ఇంకా చిన్నగా, చూడటానికి ముచ్చటగా ఉండేది.

ఇక చిక్కు. ఫారం పట్టుకుని గడప ముందు నిలబడ్డ పిల్ల మొదటి ప్రశ్న అడగకముందే లోపలి నుంచి ప్రశ్న వస్తుంది: "మీరెవలు బిడ్డా?" వరంగల్ నుంచి వచ్చినం అంటే, "అది కాదు, మీరెవలు?" అని మళ్లీ. అక్కడ ఏం చెప్పామన్న దాన్ని బట్టి కుర్చీ ఎక్కడ వేస్తారో, నీళ్లు గ్లాసులో వస్తాయో సీసాలో వస్తాయో, తర్వాతి ముప్పై ప్రశ్నలకు ఏ జవాబులు వస్తాయో అన్నీ తేలిపోతాయి. ఈ సంభాషణకు ఫారంలో గడి లేదు. నన్నడిగితే ఆ ఇంటర్వ్యూ మొత్తంలో పనికొచ్చే ముక్క అదే.

2014 ఆగస్టు 19న తెలంగాణ సర్కారు ఒక్కరోజులో ఇంటింటికీ తిరిగి చేసిన సమగ్ర కుటుంబ సర్వే గుర్తుందిగా? లెక్కలో పేరు పడాలని హైదరాబాద్ నుంచి, ముంబై, భివండి దాకా వెళ్లినవాళ్లు కూడా బస్సులు కిక్కిరిసి సొంతూళ్లకు వచ్చారు. పథకాలు పోతాయన్న భయం ఉంది, కాదనను. కానీ ఏళ్ల కింద వదిలిపోయిన ఊరే తన ఊరని నమోదు చేయించుకోవడానికి మనిషి అంత దూరం నిలబడి ప్రయాణం చేశాడంటే, అస్తిత్వం మీద చదువుకునేవాడికి ఆ రోజు బస్టాండ్‌లోనే ఎక్కువ పని ఉన్నట్టు.

వాడలో ఉండి చూసే పద్ధతికి మన వైపే పెద్ద ఉదాహరణ ఉంది. వియన్నాలో పుట్టిన ఆంత్రోపాలజిస్టు హైమన్‌డార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధం వల్ల హైదరాబాద్ రాజ్యం దాటి పోలేని పరిస్థితిలో పడ్డాడు. 1940లో కుమ్రం భీం హత్య తర్వాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారు ఆయన్ను ఆదిలాబాద్ అడవులకు పంపింది. మార్లవాయి అనే గోండు ఊళ్లో గుడిసె వేసుకుని, గోండీ నేర్చుకుని, భార్యతో పాటు అక్కడే ఉన్నాడు. ఆమె సమాధి కూడా ఆ ఊళ్లోనే ఉంది. తర్వాత ఎస్.సి. దూబే అనే ఆంత్రోపాలజిస్టు ఉస్మానియా నుంచి బృందాన్ని తీసుకుని హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటలో పని చేశాడు, 1955లో పుస్తకం వచ్చింది. ఒక ఊరిని మొత్తంగా చదవడం అనేది మన దేశంలో నిలదొక్కుకున్న రోజులవి.

అట్లా ఉంటే ఏం దొరుకుతుంది? వరుసలు దొరుకుతాయి. మన ఊళ్లల్లో కులం వేరైనా ఒకరికొకరు కాక, చిన్నమ్మ, బావ, వదినె అని పిలుచుకుంటారు, పరాచికాలాడతారు, చావుకు భుజం పడతారు. సర్వే ఫారంలో 'కుటుంబ యజమానితో సంబంధం' అన్న గడిలో వీళ్లెవరూ ఉండరు. సరే, అదంతా ప్రేమేనా అంటే, ఒక పెళ్లి దాకా ఓపిక పట్టి చూడాలి. ఎవరింటికి ఆడవాళ్లు పోయి బొట్టు పెట్టి పిలిచారు, ఎవరికి వాట్సాప్‌లో కార్డు పడింది, ఎవరు మొదటి బంతిలో కూర్చున్నారు, బావా అని రోజూ పిలిచే ఆయన చివరికి ఎక్కడ తిన్నాడు. ఈ ప్రశ్నలు ఎవరినీ అడగక్కర్లేదు, అడిగితే చెప్పరు కూడా.

దీని లోపమూ చిన్నదేం కాదు. పేరున్న సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గరి ఊళ్లో ఉన్నప్పుడు ఊరి పెద్ద ఇచ్చిన ఇంట్లో ఉన్నాడు, దళితవాడ ఆయన పుస్తకంలో పలచగానే కనిపిస్తుంది, ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు. మనకూ అంతే. సర్పంచ్ ఇంట్లో దిగితే సర్పంచ్ ఊరే కనబడుతుంది. అందుకే రూం ఎవరింట్లో తీసుకున్నామన్నది కూడా పద్ధతిలో భాగమే అని రాయాలి, చాలామంది రాయరు.

మూడోది కథలు. ఇక్కడ మన జిల్లాలకు ఉన్న ఆస్తి మరో చోట తక్కువ. కూనపులివాళ్లు చేర్యాల పటం (కథను బొమ్మలుగా గీసిన పొడుగాటి గుడ్డ చుట్ట) విప్పి పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు, కాకిపడగలవాళ్లు ముదిరాజులకు, చిందువాళ్లు మాదిగలకు, ఇట్లా చాలా కులాలకు వాటి పుట్టుక కథ చెప్పి, వాటి మీదే ఆధారపడి బతికే ఆశ్రిత కులం ఉంది. కులం తన గురించి ఏమనుకుంటుందో, ఊరు ఇచ్చిన స్థానాన్ని ఎట్లా కాదంటుందో ఆ పటంలో ఉంటుంది. అయితే కథ అంటే ఏం కావాలనుకుంటున్నారన్నది, రోజూ ఏం జరుగుతుందన్నది కాదు. జీవిత కథలకూ ఇదే తంటా. దుబాయ్ నుంచి తిరిగొచ్చిన జగిత్యాల మనిషి తన పదేళ్లను చెప్పేటప్పుడు అప్పులు దాటేసి ఇల్లు కట్టిన దగ్గరికి దూకుతాడు. ఆయన భార్యను విడిగా అడిగితే ఆ పదేళ్లు వేరే.

మ్యాట్రిమోనీ ప్రొఫైళ్లు, వాట్సాప్ గ్రూపులు చూసి థీసిస్ రాసేద్దాం అనేవాళ్లకు ఒక్కటే మాట: అక్కడ కనబడేది షోకేస్. చూడండి, కానీ అదొక్కటే సరిపోదు.

టాపిక్ 'ఎంతమంది' అనేదైతే, అంటే మేనరికాలు తగ్గాయా, పెళ్లి వయసు పెరిగిందా లాంటివైతే, కొత్త ప్రశ్నావళి దండగ. కేంద్రం చేయించే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్)లో పెళ్లికి ముందే భర్త చుట్టమా అన్న ప్రశ్న ఉంది, డేటా ఉచితంగా ఇస్తారు, మీ వంద ఫారాల కంటే అది వందరెట్లు నయం. అస్తిత్వం, కులం, చుట్టరికం ఎట్లా నడుస్తున్నాయన్నదైతే వాడకే పోండి. గైడ్ గారు శాంపిల్ సైజ్ ఎంత అని అడుగుతారు, తప్పదు. వాడలో ఇళ్లన్నీ మీరే తిరిగి, ఏ ఇంట్లో ఎవరు, ఎవరికి ఎవరేమవుతారో వంశవృక్షాలు గీసుకోండి. అధ్యాయానికి పట్టిక దొరుకుతుంది, ఊరికి మీ ముఖం తెలుస్తుంది, "మీరెవలు" అన్న ప్రశ్నకు మీరు ఇంటింటికీ చెప్పుకున్న జవాబు, దానికి ఎదురైన ముఖాలు ఆ రాత్రికే నోట్సులోకి ఎక్కుతాయి.